ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు

కొరియా యుద్ధం ఆగాక "నువ్వు ఎటు వెళ్తావు?" అని అడిగితే ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు, చైనా వద్దు, తైవాన్ కూడా వద్దు అని చెప్పిన యుద్ధఖైదీలు 88 మంది. వాళ్లలో కొరియన్లు 76 మంది, చైనావాళ్లు 12 మంది. 1954 ఫిబ్రవరిలో అస్తూరియాస్ అనే ఓడలో ఇంచియాన్ నుంచి బయల్దేరి మద్రాసు రేవులో దిగారు. వీళ్ల గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. నాకు కనబడలేదు. అందుకే రాస్తున్నాను.

నేను కొన్నేళ్లుగా సువాన్‌లో ఉంటున్నాను. సియోల్‌కి దక్షిణాన ఉంటుంది ఈ ఊరు. చిప్ డిజైన్ ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు. ఉగాదికి పచ్చడి కలుపుకునేంత మంది ఉన్నాం. ఇక్కడి నుంచి పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నంలోపు సరిహద్దు దగ్గర ఉండొచ్చు. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా నేను వాళ్లను ఆ దారినే తీసుకెళ్తాను. మా ఆయన ఈమధ్య "వాళ్లకు షాపింగ్ కూడా చూపించు" అంటున్నారు గానీ, నా మనసు ఎప్పుడూ సరిహద్దు పక్కనున్న ఇమ్‌జిన్‌గాక్ వైపే లాగుతుంది.

అక్కడ ఇమ్‌జిన్ నది ఒడ్డున ఒక పాత ఆవిరి ఇంజను ఉంది. 1950 డిసెంబరు 31న జాంగ్‌దాన్ స్టేషన్ దగ్గర ఆగిపోయి, దశాబ్దాలపాటు సరిహద్దు మధ్యలో తుప్పుపట్టి పడి ఉన్న ఇంజను. దాని ఒంటి మీద వెయ్యికి పైగా తూటాల గుర్తులున్నాయి. పక్కనే ఒక చెక్క వంతెన. యుద్ధం ఆగాక ఉత్తరం వైపు నుంచి విడుదలైన 12,773 మంది ఖైదీలు దక్షిణానికి వచ్చింది ఈ దారినే. దానికి స్వేచ్ఛా వంతెన అని పేరు పెట్టారు. దాని దగ్గరే ఒక బలిపీఠం లాంటి వేదిక ఉంది. ఉత్తరాన ఇల్లూ వాకిలీ, అమ్మానాన్నల సమాధులు వదిలేసి వచ్చిన కుటుంబాలు పండగ రోజున అటువైపు తిరిగి దణ్ణం పెడతారు. మా టీమ్‌లో ఒక పెద్దాయన ప్రతి చూసొక్ పండక్కీ అక్కడికి వెళ్తారు. వాళ్ల నాన్నది సరిహద్దుకు అటువైపున్న హ్వాంగ్‌హే. కంటికి కనిపించే దూరంలోనే ఉన్న ఊరు, నాన్న మళ్లీ చూడకుండానే పోయారట.

ఈ విభజన ఎంత నిర్లక్ష్యంగా జరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోబోతున్న రాత్రి, వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్ల్స్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు అమెరికన్ కల్నళ్లు ఒక నేషనల్ జియోగ్రాఫిక్ పటం ముందేసుకుని, సోవియట్ సైన్యం ఎక్కడిదాకా రావచ్చో తేల్చడానికి 38వ అక్షాంశం మీద గీత గీశారు. వాళ్లకిచ్చిన టైమ్ అరగంట. కొరియా వాళ్లను ఎవరూ అడగలేదు. మాస్కో ఒప్పుకుంది. మూడేళ్లలో ఆ గీతకు అటు కిమ్ ఇల్ సంగ్, ఇటు సింగ్మన్ రీ, రెండు ప్రభుత్వాలు వెలిశాయి. కొరియా మొత్తం నాదేనని ఇద్దరూ అన్నారు. 1950 జూన్ 25 తెల్లవారుజామున కిమ్ సైన్యం గీత దాటింది. స్టాలిన్ అనుమతి ఇచ్చాకే దాటింది.

యుద్ధం మొదటి ఏడాది గురించి చాలామందికి తెలుసు. సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. అమెరికన్ జనరల్ మెక్ ఆర్థర్ ఇంచియాన్‌లో సైన్యాన్ని దించడం, అమెరికా సేనలు చైనా సరిహద్దు దాకా దూసుకుపోవడం, చైనా సైన్యం వచ్చి వాళ్లను వెనక్కి నెట్టడం, ఇవన్నీ ఆ ఏడాదే. ఇందులో మనకు సంబంధించింది ఒకటుంది. 1950 అక్టోబరు 2 అర్ధరాత్రి దాటాక, చైనా ప్రధాని చౌ ఎన్‌లై బీజింగ్‌లో మన రాయబారి పణిక్కర్‌ను పిలిపించి, అమెరికన్లు 38వ అక్షాంశం దాటితే చైనా ఊరుకోదని చెప్పాడు. ఆ కబురు మన ప్రభుత్వం ద్వారా వాషింగ్టన్ చేరింది. పణిక్కర్ చైనా పక్షం మనిషని వాళ్లు పట్టించుకోలేదు. ఆ ఒక్క హెచ్చరిక విని ఉంటే ఎన్ని వేల ప్రాణాలు మిగిలేవో.

ఇంక మా తాతయ్య సంగతి చెప్పాలి. ఆయనది కృష్ణా జిల్లా. కమ్యూనిస్టు పార్టీ కార్డు లేకపోయినా పార్టీ మనిషే. కొరియా పేరెత్తితే "అమెరికా దురాక్రమణ" అనేవారు. ఆయన తరానికి కొరియా చాలా దగ్గరి విషయం. ఆ యుద్ధం జరుగుతున్నప్పుడే, 1951 ఫిబ్రవరిలో, మన చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగేలతో కలిసి రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. తెలంగాణ సాయుధ పోరాటం కొనసాగించాలా, ఆపాలా అన్నది అప్పటి ప్రశ్న. ఆ అక్టోబరులో పోరాటం విరమించారు. అంటే, అమెరికా, సోవియట్ కూటముల తగాదా నల్గొండ పల్లెల దాకా వచ్చిన రోజులవి. మా తాతయ్య ఒక పక్షాన నిలబడ్డారు, చివరిదాకా అక్కడే ఉన్నారు. ఆయన నిజాయితీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఇక్కడికి వచ్చి, ఇక్కడి మనుషుల మాటలు విని, ఖైదీల కథ చదివాక, ఏ పక్షాన్నీ ఎంచుకోని ఆ 88 మంది నాకు మరీ దగ్గరయ్యారు. తాతయ్య ఉండి ఉంటే ఈ విషయం మీద ఆయనతో కూర్చుని గట్టిగా వాదించేదాన్ని.

1951 జూలై 10న సంధి చర్చలు మొదలయ్యాయి. ముగిసింది 1953 జూలై 27న. రెండేళ్ల 17 రోజులు. అప్పటికి ముందువరస దాదాపు కదలడం మానేసింది, ఎవరూ గెలవరని రెండు పక్షాలకూ తెలుసు. సరిహద్దు ఎక్కడ ఉండాలో కూడా 1951 చివరికి చాలావరకు తేలిపోయింది. మిగిలిన పెద్ద అడ్డంకి ఒక్కటే, ఖైదీలు. దాని కోసం ఏడాదిన్నరకు పైగా యుద్ధం సాగింది. ఒక్కో కొండ కోసం వేలమంది చచ్చిపోయారు. అమెరికా సైన్యానికి జరిగిన మొత్తం నష్టంలో సగానికి దగ్గరగా చర్చలు మొదలయ్యాక జరిగిందే.

గొడవ ఏమిటంటే, 1949 జెనీవా ఒప్పందం 118వ అధికరణం ప్రకారం యుద్ధం ఆగగానే ఖైదీలందరినీ ఆలస్యం లేకుండా వాళ్ల దేశానికి పంపేయాలి. చైనా, ఉత్తర కొరియా దాన్నే పట్టుకున్నాయి. అమెరికా మాత్రం, వెళ్లనన్నవాడిని బలవంతంగా పంపం అంది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పట్టుదలకు ఒక కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర సోవియట్ ఖైదీలను మిత్రదేశాలు బలవంతంగా స్టాలిన్‌కు అప్పగిస్తే, వాళ్లలో ఎంతోమంది శిబిరాల పాలయ్యారు, కొందరు వెళ్లలేక ఆత్మహత్య చేసుకున్నారు. ఆ పాపం మళ్లీ చేయకూడదన్నది న్యాయమైన మాట. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ, ఎంత ఎక్కువమంది కమ్యూనిస్టు దేశాలకు వెళ్లం అంటే అంత పెద్ద ప్రచార విజయం అన్న లెక్క కూడా వాషింగ్టన్‌లో ఉంది. మాట న్యాయమైనదే, దాన్ని వాడుకున్న తీరు న్యాయమైంది కాదు.

1952 ఏప్రిల్‌లో దక్షిణాన గోజె ద్వీపంలో ఉన్న ఖైదీలను విడివిడిగా పిలిచి అడిగారు. పౌర నిర్బంధితులతో కలిపి లక్షా 70 వేల మందిలో తిరిగి వెళ్తామన్నది దాదాపు 70 వేల మంది. ఆ అంకె వినగానే చైనా, ఉత్తర కొరియా ప్రతినిధులు మండిపడ్డారు. అంతకుముందు లక్షా 16 వేల మంది దాకా వెళ్తారని అమెరికన్లే చెప్పి ఉన్నారు మరి.

గోజెకు నేను వెళ్లాను. ఇప్పుడు బుసాన్ నుంచి సముద్రం మీదుగా, సముద్రం అడుగునుంచి కూడా రోడ్డుంది, బస్సులోనే వెళ్లిపోవచ్చు. ఓడలు కట్టే యార్డుల ద్వీపం అది. పాత శిబిరాన్ని పార్కు చేశారు. రాతి గోడలు కొన్ని మిగిలాయి, మిగతావి బొమ్మలూ డేరాలూ పెట్టి చూపిస్తారు. పిల్లలు పరిగెత్తుతుంటారు, ఐస్‌క్రీమ్ అమ్ముతుంటారు. నాకు మాత్రం అక్కడ అడుగు వేయడం కష్టమైంది. ఎందుకంటే ఆ కంచెల లోపల మరో యుద్ధం జరిగింది. కొన్ని ఆవరణలు కమ్యూనిస్టు ఖైదీల చేతిలో, కొన్ని వాళ్ల వ్యతిరేకుల చేతిలో ఉండేవి. రాత్రిళ్లు లోపలే విచారణలు, లోపలే శిక్షలు, లోపలే హత్యలు. 1952 మే 7న కమ్యూనిస్టు ఖైదీలు శిబిరం కమాండర్ బ్రిగేడియర్ జనరల్ డాడ్‌నే లోపలికి లాగి మూడు రోజులకు పైగా బందీగా ఉంచారు. రెండో వైపు, చైనా ఖైదీల ఆవరణల్లో తైవాన్ పాలకుడు చాంగ్ కై షేక్ దగ్గర ఒకప్పుడు పనిచేసిన సైనికులు పెత్తనం చేశారు. తైవాన్ వెళ్తామని ఒప్పుకోనివాళ్లను కొట్టారు, ఒంటి మీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు బలవంతంగా పచ్చబొట్లు పొడిచారు. చేతి మీద ఆ మాటలున్నవాడు ఇంక చైనా తిరిగి వెళ్లి ఎలా బతుకుతాడు? అలాంటి చోట కూర్చోబెట్టి "నీ ఇష్టం చెప్పు" అంటే ఆ జవాబును ఇష్టం అనడానికి నాకు మనసు రాదు.

ఈ చిక్కు విప్పడానికి ఐక్యరాజ్య సమితిలో దారి చూపింది మన దేశమే. ఖైదీలను తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించాలి, ఎవరి మీదా బలప్రయోగం ఉండకూడదు అన్న కృష్ణ మీనన్ తీర్మానాన్ని 1952 డిసెంబరు 3న సర్వసభ్య సభ ఆమోదించింది. సోవియట్ ప్రతినిధి విషిన్‌స్కీ మన మీద విరుచుకుపడ్డాడు, బీజింగ్ కూడా తోసిపుచ్చింది. 1953 మార్చి 5న స్టాలిన్ పోయాడు. ఆ నెల తిరక్కుండానే చౌ ఎన్‌లై దాదాపు అలాంటి ప్రతిపాదనే తెచ్చాడు. జూన్ 8న ఖైదీల ఒప్పందం కుదిరింది. పదిరోజులకు సింగ్మన్ రీ దాన్ని కాలదన్ని, 27 వేల మంది కొరియన్ ఖైదీలను రాత్రికి రాత్రి శిబిరాల గేట్లు తీయించి వదిలేశాడు. యుద్ధం ఆగడం ఆయనకు ఇష్టం లేదు. చివరికి సంధి పత్రం మీద దక్షిణ కొరియా సంతకమే లేదు.

జూలై 27 పొద్దున్న 10 గంటలకు సరిహద్దులోని పన్‌ముంజోమ్‌లో ఉత్తర కొరియా జనరల్ నామ్ ఇల్, అమెరికన్ జనరల్ హారిసన్ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని సంతకాలు చేశారు. ఒకరికొకరు చేతులు కలపలేదు, ఒక్క మాట అనుకోలేదు, లేచి వెళ్లిపోయారు. కాల్పులు ఆగాల్సింది రాత్రి 10 గంటలకు. ఆ పన్నెండు గంటలు కూడా ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి.

తిరిగి వెళ్తామన్నవాళ్లను ముందు పంపించేశారు. వెళ్లం అన్నవాళ్లు మిగిలారు. దక్షిణం వైపు దాదాపు 22,600 మంది, వాళ్లలో 14 వేలకు పైగా చైనావాళ్లు. ఉత్తరం వైపు 359 మంది, అందులో 23 మంది అమెరికన్లు, ఒక బ్రిటిష్ సైనికుడు. వీళ్లందరి బాధ్యత తటస్థ దేశాల కమిషన్ మీద పడింది. స్వీడన్, స్విట్జర్లాండ్ ఒకవైపు, పోలండ్, చెకోస్లొవేకియా ఇంకోవైపు. ఏ విషయమైనా రెండు రెండు ఓట్లుగా చీలిపోయేది, తేల్చాల్సింది ఎప్పుడూ అధ్యక్ష దేశమే. అధ్యక్షుడు మన లెఫ్టినెంట్ జనరల్ తిమ్మయ్య. ఖైదీలకు కాపలా మేజర్ జనరల్ థోరట్ కింద ఐదు వేలకు పైగా భారత సైనికులు.

భారత సైన్యాన్ని తన నేల మీద కాలు పెట్టనివ్వనని సింగ్మన్ రీ పట్టుబట్టాడు. మనం కమ్యూనిస్టుల పక్షమని ఆయన నమ్మకం. అందుకని ఇంచియాన్ రేవుకు వచ్చిన మన జవాన్లను అమెరికన్ హెలికాప్టర్లలో ఎక్కించి, దక్షిణ కొరియా గాలిలోంచి, నేరుగా సైనికరహిత ప్రాంతంలో దించారు. వేల మందిని అలా తరలించారు. ఇంచియాన్ ఎయిర్‌పోర్టులో దిగి వీసా ముద్ర వేయించుకుని బయటికి వచ్చే ప్రతిసారీ నాకు ఆ జవాన్లు గుర్తొస్తారు. వాళ్లు వచ్చింది ఇక్కడివాళ్ల యుద్ధాన్ని ముగించడానికి. అయినా నేల మీద నడవనివ్వలేదు.

వాళ్లు వేసుకున్న శిబిరానికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. పేరే బాగుంది గానీ అక్కడ గడిపిన నెలలు నరకం. చైనా ఖైదీలు మన సైనికులను రాళ్లతో, తిట్లతో స్వాగతించారు. ఒక భారత మేజర్‌ను కంచె లోపలికి లాక్కుపోతే, థోరట్ తానే తుపాకీ లేకుండా లోపలికి వెళ్లి, చుట్టుముట్టిన ఖైదీలతో మాట్లాడి ఆయనను విడిపించుకొచ్చారు. అక్టోబరు మొదట్లో కంచె మీదికి దూసుకొచ్చిన ఖైదీల మీద మన కాపలావాళ్లు కాల్పులు జరపాల్సి వచ్చింది, ఖైదీలు కొందరు చనిపోయారు. దాంతో దక్షిణ కొరియా మంత్రులు మన సైన్యం మీదే యుద్ధం చేస్తామన్నంత పని చేశారు. అటువైపు చైనావాళ్లేమో, ఖైదీల నాయకులను మీరెందుకు విడదీయడం లేదని తిమ్మయ్యను తప్పుపట్టారు.

అయినా నన్ను ఎక్కువగా కదిలించేది వేరే. రాత్రిపూట ఖైదీలు కొందరు ముళ్లకంచె దూకి, ఒళ్లు చీరుకుపోతున్నా, భారత కాపలావాడి దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. లోపల తోటి ఖైదీల ముందు చెప్పలేని మాట అతనికి చెప్పడానికి. "నేను ఇంటికి వెళ్తాను." అంతే. అలా వచ్చినవాళ్లను వెంటనే వేరుచేసి, అడిగి, పంపేవాళ్లు. భాష తెలియని, ఆరడుగుల జాట్‌నో, గఢ్వాలీనో చూసి, వీడు నన్ను చంపడు అని ఆ మనిషికి ఎందుకనిపించిందో. మన సైన్యం గురించి నేను విన్న గొప్పల్లో దీన్ని మించినది లేదు.

అక్టోబరు 15న "వివరణలు" మొదలయ్యాయి. ఒక్కో ఖైదీని ఒక డేరాలోకి తెస్తారు. అతని దేశ ప్రతినిధులు కూర్చుని ఉంటారు, ఐదు తటస్థ దేశాలవాళ్లు, దుబాసీలు, పరిశీలకులు. ఇంటికి రా, నీకేం భయం లేదు, మీ అమ్మ ఎదురుచూస్తోంది అని చెబుతారు. డేరాకు బయటికి పోయే దారులు రెండు. ఒకటి ఇంటికి, ఒకటి వద్దని. చాలామంది ఒక్క మాట వినకుండా అరిచారు, ఉమ్మేశారు, కుర్చీలు విసిరారు. ఇద్దరు జవాన్లు రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చేది. కొందరు మాత్రం నిశ్శబ్దంగా విని, రెండు దారుల వంకా చూసి, హఠాత్తుగా ఇంటి దారిలోంచి నడిచేశారు. ఇన్నేళ్ల బతుకుని తేల్చడానికి కొన్ని నిమిషాలు. ఆవరణల నాయకులు చాలామందిని అసలు బయటికే రానివ్వలేదు, వివరణ ఇచ్చేవాళ్లు కూడా ఒక్కొక్కడి మీద గంటలు గడిపారు. 90 రోజుల గడువు డిసెంబరు 23న తీరిపోయేటప్పటికి దక్షిణం వైపు ఖైదీల్లో ఎక్కువమంది ఆ డేరా ముఖమే చూడలేదు.

అప్పుడు తిమ్మయ్య ఏం చేయాలి? బలవంతంగా పంపలేడు, వదిలేసే అధికారం లేదు. ఏ పక్షం పట్టుకున్న ఖైదీలను ఆ పక్షానికే తిరిగి అప్పగించాడు. రెండు కూటములూ తప్పన్నాయి. నా దృష్టిలో ఆయనకు అంతకుమించి న్యాయమైన దారి లేదు. 1954 జనవరిలో 14 వేల మంది చైనావాళ్లు తైవాన్ చేరారు. జనవరి 23ను అక్కడ స్వేచ్ఛా దినంగా జరిపారు, వచ్చినవాళ్లలో చాలామందిని సైన్యంలో చేర్చుకున్నారు. చైనాకు వెళ్లిన ఏడు వేల మంది దాకా ఉన్నారే, వాళ్ల కథ ఇంకా బాధ. శత్రువుకు లొంగిపోయారన్న అనుమానంతో విచారించారు, పార్టీ నుంచి తీసేశారు, మంచి పేరు తిరిగి వచ్చింది 1980 తర్వాతే. అటు పండగ చేశారు, ఇటు అనుమానించారు. రెండు చోట్లా అతను ఒక మామూలు సైనికుడు, పొలం పనులు చేసుకునే కుర్రవాడు అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

23 మంది అమెరికన్లలో ఇద్దరు చైనా వెళ్లకముందే మనసు మార్చుకుని తిరిగొచ్చారు, వాళ్లను సైనిక కోర్టులో నిలబెట్టి జైల్లో వేశారు. మిగిలిన 21 మంది చైనా వెళ్లారు. వాళ్లలో ముగ్గురు నల్లజాతివాళ్లు. మెంఫిస్‌కు చెందిన క్లారెన్స్ ఆడమ్స్ తన ఊళ్లో లేని సమానత్వం వెతుక్కుంటూ వెళ్లానన్నాడు, 1966లో భార్యాపిల్లలతో తిరిగొచ్చాడు. ప్రజాస్వామ్యం పేరుతో పోరాడిన దేశం ఆ రోజుల్లో అతన్ని బస్సులో ముందు సీట్లో కూర్చోనిచ్చేది కాదు. అతని ఎంపికను నేను సమర్థించను, కానీ అర్థమవుతుంది.

ఇంక ఆ 88 మంది. ఉత్తర కొరియా సైన్యంలో పనిచేసి పట్టుబడ్డవాడికి ఉత్తరాన "లొంగిపోయినవాడు" అన్న మచ్చ, దక్షిణాన "ఎర్ర సైనికుడు" అన్న మచ్చ. ఇద్దరు పాలకులూ తన ఊరిని కాల్చినవాళ్లే. ఇక్కడి పిల్లలు స్కూల్లో చదువుకునే ఒక నవలలో కథానాయకుడు అలాంటివాడే, ఎన్నిసార్లు అడిగినా తటస్థ దేశమనే చెబుతాడు, ఇండియా వెళ్లే ఓడలోంచి సముద్రంలోకి దూకేస్తాడు. కొరియాలో చాలామందికి ఈ ఖైదీలు తెలిసింది ఆ నవల వల్లే. నిజమైన 88 మంది మాత్రం బతకాలనే వచ్చారు. మద్రాసులో దిగి ఢిల్లీ చేరారు. ఆ రోజుల్లో కూడా మద్రాసు నుంచి ఢిల్లీకి పెద్ద లైను నెల్లూరు, బెజవాడ, కాజీపేట మీదుగానే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఐదు నెలలు కూడా కాలేదు. ఆ దారినే వెళ్లి ఉంటే, కృష్ణ మీద వంతెన దాటుతూ కిటికీలోంచి చూసి ఉంటారు.

ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉంచి వాళ్లకు పనులు నేర్పారు. కోళ్ల పెంపకం, ఫొటోగ్రఫీ లాంటివి. తటస్థ దేశాలు అంటూ ఊరికే లేవు, ఎవరో ఒకరు రమ్మనాలి. ఆ రమ్మనే మాట కోసం రెండేళ్లు పట్టింది. 1956లో యాభై మందికి పైగా బ్రెజిల్ వెళ్లారు. కొరియా ప్రభుత్వం అధికారికంగా బ్రెజిల్‌కు వలసలు మొదలుపెట్టింది 1963లో. అంటే ఈ ఖైదీలు వాళ్లకన్నా ఏడేళ్ల ముందు చేరారు. కొందరు అర్జెంటీనా వెళ్లారు, కొందరు మనసు మార్చుకుని తమ దేశాలకు తిరిగిపోయారు. కొద్దిమంది ఇండియాలోనే ఉండిపోయారు. హ్యున్ డాంగ్ హ్వా అనే ఆయన ఢిల్లీలో కోళ్ల ఫారమ్‌తో మొదలుపెట్టి, తర్వాత వ్యాపారం చేసి, అక్కడి కొరియన్లకు పెద్దదిక్కయ్యాడు.

ఇక్కడి మనవాళ్ల గెట్‌టుగెదర్‌లలో ఈ మాటలు వస్తే, తటస్థం అంటే భయపడి పక్కకు తప్పుకోవడమే కదా అనేవాళ్లు ఉంటారు. నేను ఊరుకోను. పక్కకు తప్పుకున్నవాడు ఐదువేల మందిని పంపి, రెండువైపులా రాళ్లు తినడు. అంతకుముందు 1950 చివరి నుంచి మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియాలో ఉంది, లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ దాని నాయకుడు. ప్యాంగ్యాంగ్ నుంచి అందరూ వెనక్కి పారిపోతుంటే, వాళ్లకు లారీలు లేవు. మందులు, ఆపరేషన్ సామాన్లు వదిలేసి రమ్మంటే రంగరాజ్ ఒప్పుకోలేదు. స్టేషన్లో ఒక పాత ఆవిరి ఇంజను దొరికింది. జవాన్లు వరసగా నిలబడి బకెట్లతో నీళ్లు అందించి బాయిలరు నింపారు, తమలోనే నడపడం వచ్చినవాళ్లు నడిపారు, సామానంతా సియోల్ వైపు తెచ్చుకున్నారు. మార్చి 1951లో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతోపాటు వాళ్లలో పన్నెండు మంది విమానంలోంచి దూకి గాయపడ్డవాళ్లకు చికిత్స చేశారు. మున్సాన్ ఇమ్‌జిన్‌గాక్‌కి ముందు వచ్చే ఊరే, నేను వెళ్లే దారిలో ఉంటుంది. చుట్టాలకు అక్కడ బస్సు కిటికీలోంచి ఆ పొలాలు చూపించి ఈ కథ చెబుతాను.

సియోల్ యుద్ధ స్మారక మ్యూజియంలో సాయం చేసిన దేశాల జెండాల్లో మన జెండా ఉంది, అంబులెన్స్ వాళ్ల పుణ్యాన. హింద్ నగర్ గురించి అంత సులువుగా కనబడదు.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. 1953, 54లో కొరియా వెళ్లిన కాపలా సేనలోగానీ, అంబులెన్స్‌లోగానీ పనిచేసిన తెలుగువాళ్లు ఉండే ఉంటారు. ఇంజనీర్లు, సిగ్నల్స్, వైద్య విభాగాల్లో మనవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మీ తాతయ్యో, ముత్తాతయ్యో అలా వెళ్లి ఉంటే, ట్రంకుపెట్టెలో ఒక మెడల్, ఒక ఉత్తరం, మంచులో కోటు వేసుకుని దిగిన ఒక ఫొటో ఉంటే నాకు రాయండి. ఏ ఊరు, ఏ రెజిమెంటు, ఇంటికొచ్చాక ఏం చెప్పేవారు, గుర్తున్నంత రాయండి చాలు. వచ్చినవి వచ్చినట్టు ఇక్కడ వరసగా పెడతాను.